బొల్లిగాడి పొద్దుటి నడక

నీళ్లున్న చోట గట్టుంటుంది, గట్టున్న చోట పొదలుంటాయి, పొదలున్న చోట నక్క లేకుండా ఉండదు. జమ్ముచెరువు దగ్గరా అంతే. చెరువుకి ఒక ఒడ్డున నూకరాజు పశువుల సాల, దాని పక్కనే మట్టిగోడల కోళ్లగూడు ఉండేవి. అలుగు దగ్గర మొగలిపొదల్లో జిత్తులయ్య అనే నక్క కాపురముండేది. ఆ నక్కకీ ఈ కోళ్లకీ మధ్య అడ్డంగా పడుకుని బొల్లిగాడనే కుక్క ఉండేది.

అడ్డంగా అంటే నిజంగా అడ్డంగానే. వయసులో ఉన్నప్పుడు బొల్లిగాడు కుందేళ్లని తరిమినవాడే. ఆ తర్వాత నూకరాజు పెళ్లాం పైడమ్మ చేతి అన్నం ఒంటబట్టింది. పొద్దున్న గంజి, మధ్యాహ్నం మజ్జిగన్నం, సాయంత్రం ఎండుచేపల తలకాయలు. ఒళ్లు పెరిగింది, మెడ పోయింది. ఇప్పుడు వాడు చేసే కాపలా అంతా కోళ్లగూటి గుమ్మానికి అడ్డంగా పడుకోవడమే. కానీ అది తక్కువ పని కాదు. వాడు పడుకున్నాడంటే గుమ్మం ముందు చీమ దూరే సందు కూడా మిగిలేది కాదు. గుమ్మం కింద రాతిబండ వేయించుకుందామని పైడమ్మ అన్నప్పుడల్లా, బొల్లిగాడుండగా బండెందుకని నూకరాజు నవ్వేసేవాడు.

జిత్తులయ్య అన్ని రకాలుగా చూశాడు. గూటి వెనక గోడ రాతి పునాది మీద ఉంది, తవ్వడానికి కుదరదు. గుమ్మం కింద మాత్రమే మెత్తటి మట్టి. ఆ మట్టి మీద బొల్లిగాడి పొట్ట. రోజూ తెల్లారకముందే నూకరాజు పొలానికీ, పైడమ్మ పాలబిందెతో పాలకేంద్రానికీ వెళ్లిపోతారు. ఆ కాసేపూ సాలలో ముసలెద్దు గౌరన్న తప్ప ఎవరూ ఉండరు. అతను కట్టుకొయ్యకి కట్టేసి ఉంటాడు. ఇంత మంచి సమయం రోజూ వచ్చి రోజూ పోతుంటే నక్క కడుపు రగిలిపోయేది. ఈ పొట్టని ఇక్కణ్ణించి లేపితే తప్ప తన పొట్ట నిండదని దానికి అర్థమైంది.

ఒకరోజు తెల్లవారుజామున జిత్తులయ్య కంచె అవతల నిలబడి చిన్నగా దగ్గాడు. బొల్లిగాడు లేవకుండానే గుర్రుమన్నాడు.

"కోప్పడకు మావా," అన్నాడు జిత్తులయ్య. "కోళ్ల కోసం రాలేదు. నీ ఆయాసం అలుగు దాకా వినిపిస్తోంది. ఒకసారి చూసిపోదామని వచ్చాను."

ఊరక రారు మహానుభావులని బొల్లిగాడికీ తెలుసు. పొమ్మని కసిరాడు. కసిరినందుకే రొప్పొచ్చింది. నక్క అదే చూసింది. తల అడ్డంగా ఆడించి, అయ్యో అనుకుంటూ కంచె పక్కన కూర్చుంది.

అప్పుడు జిత్తులయ్య మొదలుపెట్టాడు. చెరువు అవతలి గట్టు మీద రోడ్డు వేశాక పట్నం నుంచి రిటైరైన పెద్దమనుషులు తెల్లారేసరికి మఫ్లర్లు చుట్టుకుని, గుడ్డ బూట్లేసుకుని నడకకి వస్తున్నారు కదా. వాళ్ల వెనకాలే జమ్ములో దాక్కుని వాళ్ల మాటలన్నీ విన్నాడట. ఒళ్లొచ్చినవాడు పొద్దున్నే నడవకపోతే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుందట. ముందు ఆయాసం వస్తుందట. తర్వాత తిన్నది కళ్లకి మత్తుగా ఎక్కుతుందట. ఆ తర్వాత ఒకరోజు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉంటాడట.

బొల్లిగాడు లోపల లెక్క చూసుకున్నాడు. ఆయాసం ఉంది. తిన్నాక మత్తు ఉంది. పడుకోవడం సరేసరి. మొన్ననే గడ్డిమేటు ఎక్కబోయి సగంలో జారిపడ్డ సంగతి గుర్తొచ్చి వాడి చెవులు వాలిపోయాయి. గట్టు మీద ఆ పెద్దమనుషులు చేతులూపుకుంటూ పోవడం, తూము దగ్గర గుంపుగా నిలబడి ఏ కారణమూ లేకుండా గట్టిగా నవ్వడం వాడూ చూశాడు. పిచ్చివాళ్లనుకున్నాడు. ప్రాణభయంతో నవ్వుతున్నారని ఇప్పుడు తెలిసింది.

"మరి గూడో," అన్నాడు నీరసంగా.

"గూడు ఎక్కడికి పోతుంది మావా. గూటికి కాళ్లున్నాయా. నువ్వే పోతే ఆ కోళ్లకి దిక్కెవరు, అది ఆలోచించు."

ఈ మాట బొల్లిగాడి గుండెల్లో దిగింది. ఆ నక్క పోయాక వాడు గౌరన్నని సలహా అడిగాడు. గౌరన్న నెమరు ఆపకుండా అంతా విని, నడక మంచిదేనన్నాడు. జీవితమంతా అరక కట్టి నడిచినవాడు కాబట్టి నడకకి అతను ఎప్పుడూ అడ్డు చెప్పడు. కాకపోతే ఒక ముక్క అడిగాడు.

"ఒరే బొల్లీ, నీ గుండె ఆగితే ఆ నక్కకి పండగ కదరా. అది నీ గుండె గురించి ఎందుకు బెంగ పెట్టుకుంది?"

బొల్లిగాడికి కోపమొచ్చింది. ఈ ముసలాడికి అందరి మీదా అనుమానమే అనుకున్నాడు. భయపడ్డవాడికి భయం చెప్పినవాడే వైద్యుడు. మర్నాడు, నూకరాజు, పైడమ్మ వెళ్లగానే, వాడు గుమ్మం ముందునుంచి లేచి, ఒళ్లు విరుచుకుని, చెరువు దారి పట్టాడు.

నక్క అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. బొల్లిగాడు చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేంత సమయం దొరికితేనే జిత్తులయ్య గుమ్మం కింద బొరియ తవ్వి లోపలికి దూరగలడు. బొల్లిగాడు చూస్తే జమ్ము మొదలయ్యే చోటికి వెళ్లేసరికే నాలుక వేలాడేసి కూలబడ్డాడు. కాసేపు గాలి పీల్చుకుని ఇంటికి తిరుగుముఖం పట్టాడు. జిత్తులయ్య ముందుకాళ్లకి అంటిన మట్టి దులుపుకునే వీలైనా లేకుండా కంచె దూకి పారిపోవాల్సి వచ్చింది.

రెండోరోజూ అదే. మూడోరోజు పిల్ల తుమ్మచెట్టు దాకా పోయి, ఇక తన వల్ల కాదు, గుండె ఆగితే ఆగిందని బొల్లిగాడు నడక మానేయబోయాడు. నక్క గాభరాపడింది. ఇక లాభం లేదని తనే దగ్గరుండి నడిపించడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రోజులు జిత్తులయ్య జన్మలో పడని కష్టం పడ్డాడు. తెల్లారకముందే లేచి, ఖాళీ కడుపుతో, జమ్ములోంచి బొల్లిగాడి పక్కనే నడిచేవాడు. ఇంకొక్క నాలుగడుగులు మావా, ఆ కలువల దాకా మావా, అదిగో ఆ కొంగ ఎగిరేదాకా మావా అని బతిమాలేవాడు. అంత అన్నం తినకు, ఒళ్లు బరువెక్కుతుందని చెప్పేవాడు. పల్లంలో కాళ్లు ఎలా వెయ్యాలో, మెరకలో ఊపిరి ఎలా పట్టాలో చూపించేవాడు. ఎత్తు ఎక్కలేకపోతే వెనకనుంచి తలతో నెట్టాడు కూడా. నక్క కుక్కని వెనకనుంచి నెట్టడం చూసి ఒడ్డున కూర్చున్న కప్పలు నీళ్లలోకి దూకడం మర్చిపోయాయి.

బొల్లిగాడికి మాత్రం లోకం మారిపోయింది. ఇన్నేళ్లూ గుమ్మం ముందు పడుకుని చెరువుని ఒక పక్కనుంచే చూశాడు. ఇప్పుడు తెల్లారుతుంటే నీళ్ల మీద పొగలా లేచే మంచు చూశాడు. ఇంకా ముడుచుకునే ఉన్న కలువల మధ్యనుంచి నీటికోడి తన పిల్లల్ని వరసగా తీసుకెళ్లడం చూశాడు. పాదాల కింద తడిగడ్డి చల్లగా తగిలేది. ఎండు తామరాకుల వాసన, పచ్చి చేపల వాసన, అవతలి గట్టు మీద ఎవరో తాగి పారేసిన టీ వాసన, ఒక్కొక్కటీ వాడి ముక్కుకి విడివిడిగా తెలిసేది. పొట్ట తగ్గింది. మెడ మళ్లీ కనబడింది. వాడు ఒకరోజు చెరువు మొత్తం చుట్టి వచ్చాడు. ఆ సంతోషంలో నక్కని తన ప్రాణదాత అని కూడా పిలిచాడు.

నక్కకి కావలసింది ఆ రోజే. ఇక తన అవసరం లేదనీ, ఒంటరిగా నడిస్తేనే ఫలితం దక్కుతుందనీ జిత్తులయ్య చెప్పాడు. ఇంకో చిట్కా కూడా చెప్పాడు. అవతలి గట్టు మీద తూము దగ్గరికి చేరాక ఆగి, గట్టిగా మూడుసార్లు మొరగాలట. ఊపిరితిత్తుల్లో మిగిలిన చెడుగాలంతా పోతుందట. పెద్దమనుషులు నవ్వేదీ అందుకేనట.

బొల్లిగాడు అలాగే చేశాడు. తూము దగ్గర నిలబడి ఛాతీ నింపుకుని మూడుసార్లు మొరిగాడు. నీళ్ల మీదుగా ఆ మొరుగు ఇవతలి ఒడ్డుకి స్పష్టంగా వినబడింది. తీరిగ్గా మిగిలిన సగం నడిచి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఈకలు.

చుక్కలపెట్ట పోయింది. పైడమ్మ తన అరచేతిలో నూకలు పోసి పెంచిన పెట్ట అది. గుమ్మం కింద పెద్ద కంత ఉంది. లోపల మిగిలిన కోళ్లు ఒక మూలకి చేరి, అరిచి అరిచి గొంతులు పోయి, నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి.

పైడమ్మ పాలకేంద్రం నుంచి వచ్చి ఈకలు చూసి గడపలో కూలబడింది. ఆమె బొల్లిగాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. ఆ పూట వాడి గిన్నెలో గంజి పొయ్యడం మర్చిపోయింది. అదే వాడికి దెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. నూకరాజు కంతలో మట్టి నింపి కాలితో తొక్కుతూ, వీడికి వయసైపోయింది, వచ్చే వారం అత్తారింటి దగ్గర్నుంచి ఒక కుక్కపిల్లని తెచ్చుకుందాం, వీణ్ణి సంతలో ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. బొల్లిగాడు రెండు కాళ్ల మధ్య తల పెట్టుకుని విన్నాడు.

వాళ్లు లోపలికి పోయాక సాలలోకి వెళ్లి గౌరన్న ముందు నిలబడ్డాడు. గౌరన్నే చెప్పాడు.

"నువ్వటు వెళ్లగానే వచ్చాడురా జిత్తులయ్య. తవ్వుతూనే చెవులు నిక్కించి చూస్తున్నాడు. నీ మొరుగు వినిపించాక ఇంకా సగం దారుందిలే అనుకున్నాడేమో, నిమ్మళంగా లోపలికి దూరాడు. నేను పలుపు తెంపుకుందామని చూశాను. మెడ కోసుకుపోయింది గానీ పలుపు తెగలేదు."

గౌరన్న మెడ చుట్టూ ఎర్రటి చార ఉంది. బొల్లిగాడు దాన్ని చూశాడు. మొరిగితే చెడుగాలి పోతుందన్న మాట ఇప్పుడు అర్థమైంది. తన కోళ్లని పట్టుకుపొమ్మని తన నోటితోనే దొంగకి కబురు పెట్టాడు. పిచ్చికోపంతో వాడు అప్పటికప్పుడు అలుగు మీదకి ఉరకబోయాడు. గౌరన్న ఆగమన్నాడు. మొగలిపొదలో నక్కకి ఏడు దారులుంటాయి, కుక్కకి ముళ్లు తప్ప ఏమీ దొరకదని చెప్పాడు. బొల్లిగాడు చాలాసేపు కూర్చుని ఆలోచించాడు. ఇన్నాళ్లలో వాడు ఆలోచించడం అదే మొదటిసారి కాబట్టి కాస్త సమయం పట్టింది.

మర్నాడు మామూలుగానే నడకకి బయల్దేరాడు. జమ్ము దగ్గర జిత్తులయ్య ముఖం చిన్నది చేసుకుని ఎదురొచ్చాడు. మీసాలు శుభ్రంగా తుడుచుకున్నాడు గానీ, చెవి వెనక ఒక చిన్న చుక్కల ఈక అంటుకుని ఉంది.

"విన్నాను మావా," అన్నాడు. "అడవిపిల్లి పనే అయ్యుంటుంది. ఈ మధ్య అటువైపు తిరుగుతోంది పాడుముండ. నా మనసు మనసులో లేదు."

బొల్లిగాడు ఆ ఈకనే చూస్తూ గొంతు దాకా వచ్చిన గుర్రుని మింగేశాడు.

"పిల్లే అయ్యుంటుంది అల్లుడూ," అన్నాడు. "నాకు దిగులుతో కాళ్లు లాగేస్తున్నాయి. నడక మానేద్దామనుకుంటున్నాను."

"ఆ పని మాత్రం చెయ్యకు. దిగులుకి నడకే మందు. మెల్లగానే నడువు, ఎంతసేపు పడితే అంత పడుతుంది. తూము దగ్గర మొరగడం మాత్రం మర్చిపోకు."

"ఎలా మర్చిపోతాను," అన్నాడు బొల్లిగాడు.

ఆ రోజునుంచి వాడు కుంటుతూ నడిచాడు. నక్క జమ్ములోంచి చూస్తుండగా నాలుగడుగులకోసారి ఆగి రొప్పాడు. తూము దగ్గరికి వెళ్లేసరికి బాగా తెల్లారిపోయేది. మొరిగాక తిరిగి రావడానికి అంతకన్నా ఎక్కువ సేపు చేసేవాడు. పట్నం పెద్దమనుషులు కూడా పాపం ముసలికుక్క అని జాలిపడ్డారు. నక్క ముందు జాగ్రత్తగా నాలుగు రోజులు ఊరుకుంది. కానీ తిన్న కోడి రుచి నాలుక మీదే ఉంది. పైగా అంత సమయం చేతిలో పెట్టుకుని వాడుకోకపోవడం నక్క పుటకకే అవమానం కదా.

ఒకరోజు మంచు దట్టంగా పట్టింది. చెరువు మీద నీళ్లు కనపడలేదు, అవతలి గట్టు కనపడలేదు. బొల్లిగాడు ముక్కు పైకెత్తి గాలి చూసి, ఈ రోజే అనుకున్నాడు. కుంటుకుంటూ బయల్దేరాడు. జమ్ము దాటాక, మంచు తనని కమ్మేశాక, కుంటడం మానేశాడు.

తూము దగ్గర నిలబడి మూడుసార్లు మొరిగాడు. మొరగడం అవగానే వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు.

ఆ పరుగు ఎప్పటిదో. పల్లంలో కాళ్లు ఎలా వెయ్యాలో, మెరకలో ఊపిరి ఎలా పట్టాలో ఎవరో దగ్గరుండి నేర్పినట్టు కాళ్లకి అదే తెలిసిపోతోంది. చెవులు వెనక్కి వాలాయి. గడ్డి మీది మంచు చిమ్మింది. ఎదురుగా వస్తున్న పెద్దమనిషి ఒకాయన పక్కకి తప్పుకుని, నిన్నటి ముసలికుక్క ఇదేనా అని కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఇక్కడ గూటి దగ్గర జిత్తులయ్య మొరుగు విని నిట్టూర్చి, ఇంక తొందర లేదనుకున్నాడు. నూకరాజు నింపిన మట్టి ఇంకా పొడిపొడిగానే ఉంది, గోళ్లకి సులువుగా వచ్చేసింది. కాకపోతే నూకరాజు ఆ మట్టిలో ఒక పలకరాయి కూడా పెట్టాడు. దాన్ని మొత్తం లాగకుండా పక్కకి నెట్టి, ఆ సందులోంచి తల దూర్చాడు, భుజాలు దూర్చాడు. పొట్ట దగ్గర కొంచెం బిగుసుకుంది. ఊపిరి వదిలితే దూరిపోతాననుకున్నాడు. ఊపిరి వదిలేలోపు వెనక తోక మీద ఏదో వెచ్చగా ఊదినట్టయింది.

బొల్లిగాడు తొందరపడలేదు. ముందు గుమ్మానికి అడ్డంగా, అలవాటు ప్రకారం, పడుకున్నాడు. తర్వాత తోకని నోట కరుచుకున్నాడు.

లోపల కోళ్లకి కూడా ఈసారి భయం వెయ్యలేదు. నక్క తల, భుజాలు మాత్రమే లోపల ఉన్నాయని, అది ముందుకీ రాలేదు వెనక్కీ పోలేదని వాటికి అర్థమైపోయింది. ముసలి పుంజు ముందుకొచ్చి ముక్కు మీద ఒకటి పొడిచింది. ఆ వెనక పెట్టలన్నీ వరసగా వచ్చి, చుక్కలపెట్టని తలుచుకుని పొడిచాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో జిత్తులయ్యకి ఆ పొద్దున్న తెలిసింది. అతను లోపలినుంచి ఏదో బతిమాలుతున్నాడు గానీ, నోరు తెరిచినప్పుడల్లా నాలుక మీద పోటు పడుతోంది, మాట బయటికి రావడం లేదు. సాలలో గౌరన్న చాలా కాలం తర్వాత నెమరు ఆపి చూశాడు.

చివరికి నక్క సత్తువంతా కూడదీసుకుని వెనక్కి గుంజుకుంది. తోక చివరి కుచ్చు బొల్లిగాడి నోట్లోనే ఉండిపోయింది. నక్క కంచె దూకింది. అలుగు వైపు మొగలిపొదల్లోకి పోదామని చూస్తే, ఆ దారికి అడ్డంగా బొల్లిగాడు నిలబడ్డాడు. ఇక మిగిలిందల్లా చెరువు చుట్టూ ఉన్న దారే.

నక్క ముందు, కుక్క వెనక. జమ్ము దాటారు, తుమ్మచెట్టు దాటారు, గట్టెక్కారు. గట్టు మీద నడుస్తున్న పెద్దమనుషులు రెండు పక్కలకీ చీలి దారిచ్చారు. చూశారా, ఆరోగ్యం మీద శ్రద్ధ జంతువులకి కూడా వచ్చేసిందని అందులో ఒకాయన మెచ్చుకున్నాడు. తూము దగ్గరికొచ్చేసరికి జిత్తులయ్యకి నోట నురగొచ్చింది. మొదట్లో పక్కనే నడిచాడు గానీ, ఈ మధ్య తను జమ్ములో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. పైగా మొన్నటి కోడి ఇంకా ఒంట్లోనే ఉంది. పక్కలు ఎగసిపడుతుంటే తల వెనక్కి తిప్పి చూశాడు. బొల్లిగాడు అదే దూరంలో, నోరు మూసుకుని, తీరిగ్గా వస్తున్నాడు.

"మావా," అన్నాడు జిత్తులయ్య రొప్పుతూ, "నీకు ఆయాసం రావడం లేదా?"

"తగ్గింది అల్లుడూ," అన్నాడు బొల్లిగాడు. "నీకే మొదలైనట్టుంది. ఆగకు. ఆగితే ప్రాణానికే ప్రమాదం."

జిత్తులయ్య ఆగలేదు. గట్టు చివర కాలవలోకి దూకి, అవతలికి ఈది, మెట్టపొలాలకి అడ్డంపడి, కొండవార తాటితోపుల్లో కలిసిపోయాడు. ఆ తర్వాత జమ్ముచెరువు పరిసరాల్లో అతన్ని చూసినవాళ్లు లేరు. మొగలిపొదలు చాన్నాళ్లు ఖాళీగా ఉండి, తర్వాత ఒక ముంగిస కుటుంబం చేరిందని చెప్పుకుంటారు.

పైడమ్మ పాలకేంద్రం నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు కంత ఉంది, దాని పక్కన నక్కతోక కుచ్చు ఉంది, దాని పక్కన బొల్లిగాడు ఉన్నాడు. కోళ్లని లెక్కపెట్టి చూసుకుంది. ఒక్కటీ తగ్గలేదు. వెళ్లి గిన్నె నిండా అన్నం, మీద రెండు చేప తలకాయలు పెట్టుకొచ్చింది. కుక్కపిల్ల మాట నూకరాజు మళ్లీ ఎత్తలేదు. గుమ్మం కింద మాత్రం పెద్ద రాతిబండ వేయించాడు.

బొల్లిగాడు చేప తలకాయ ఒకటి తిని, రెండోది గౌరన్న ముందుకి నెట్టాడు. ఎద్దు చేపలు తినదని అప్పుడు గుర్తొచ్చి, మొహమాటపడి, దాన్నీ తనే తినేశాడు. పొద్దుటి నడక మాత్రం వాడు మానలేదు. కాకపోతే ఇప్పుడు పైడమ్మ ఇంటికొచ్చాకే బయల్దేరుతున్నాడు, తూము దగ్గర నోరు విప్పడం లేదు.

పరాయివాడికి పరుగు నేర్పబోయేవాడు, రేపు ఆ పరుగు ఎవరి వెనకపడుతుందో ముందే చూసుకోవాలి.